దర్వాజ బట్టలు

గేటుకు టు-లెట్ బోర్డు కట్టి ఇంటాయన వెళ్లిపోయినా, సదానందం వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. లోపల సంసారం నడుస్తుండగానే బయట బోర్డు పడటం మంచిర్యాలలో వింతేమీ కాదు. వింతల్లా ఏమిటంటే, ఈ ఇంట్లో కిరాయికున్న సదానందం ఆ పొద్దున చెన్నూరు కోర్టుకు బయలుదేరుతున్నాడు, అక్కడ తన తండ్రి ఇంట్లో ఉంటున్న సాల్మన్‌ను ఖాళీ చేయించడానికి. ఆ సంగతి తెలిసి ఉంటే బోర్డు కడుతూ ఇంటాయన నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

"నెలాఖరు దాంక టైమిచ్చిండు అవ్వా. హైదరాబాదు నుంచి ఆయన కొడుకు వస్తుండట."

రామవ్వ వంటింటి గడప మీద కూర్చుని చాయ తాగుతోంది. కోర్టుకని కోడలు తీసిచ్చిన చీర కట్టుకుంది గానీ గంజి ఎక్కువై అది ఒంటికి అంటడం లేదు.

"కొడుకు వస్తే కొడుక్కు ఇల్లు గావాలె గదరా," అంది.

"మరి నేనేంది? నేను కొడుకును గానా?"

ఆమె గ్లాసు అడుగున మిగిలిన చాయను ఒక్క గుక్కలో తాగేసింది.

సదానందం మస్కట్‌లో ఏసీలు బాగుచేసిన మనిషి. కంపెనీ మూతపడి ఇల్లు చేరి రెండేళ్లయింది, చెన్నూరు నుంచి తల్లిని తెచ్చుకున్నదీ అప్పుడే. ఇక్కడా అదే పని చేస్తున్నాడు గానీ మంచిర్యాలలో ఏసీలకు ఎండాకాలంలో తప్ప జబ్బు చేయదు. చెన్నూరు ఇల్లు చేతికొస్తే ముందు భాగంలో దుకాణం పెట్టుకుని వెనక కాపురం ఉండొచ్చని అతని ఆలోచన. ఆలోచనలో తప్పు పట్టడానికేం లేదు. ఇల్లు ఎవరిదన్నదే తేలాల్సి ఉంది.

లోపలి నుంచి దీపిక వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదివే మనవరాలు. నల్ల చున్నీని భుజాల మీద గౌనులా వేసుకుని నాయనమ్మ ముందు నిలబడింది.

"బాపమ్మా, నేను అనసూర్య మేడం అనుకో. సాల్మన్ తరఫు వకీలును. అడుగుత, చెప్పు."

"అడుగు బిడ్డా."

"ఆ ఇంట్ల సాల్మన్ ఎన్నేండ్ల సంది ఉంటుండు?"

"పదమూడేండ్లు."

"కిరాయి ఎవలు తీసుకున్నరు?"

"ముందుగాల మీ తాత. ఆయన పోయినంక నేను."

"తీసుకున్నది కిరాయేనా?"

"కిరాయే."

"పన్నెండేండ్లు కిరాయి కడితే ఇల్లు నీదేనని మీ ఆయన రాజం మీ ముందట అన్నడా?"

"నా ముందట అనలే."

"శాబాష్ బాపమ్మా!" దీపిక చున్నీ తీసి మెడకు చుట్టుకుంది. వాకిట్లో ఉన్న సదానందం ముఖం కూడా కొంచెం తేటపడింది.

చెప్పిన ప్రతి మాటా నిజమే. ఈ కేసులో సదానందానికి అన్నిటికంటే నచ్చిన సంగతి అదే. రాజం ఆ మాట ఇచ్చింది మిషన్ స్కూలు మైదానంలో, సాల్మన్ స్కూలు బస్సు నిలిపి తాళం తీస్తుండగా. ఇచ్చి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ పెళ్లానికి చెప్పాడు. కాబట్టి ఆమె ముందు అనలేదు. ఈ సందును కనిపెట్టినవాడు వాళ్ల వకీలు కైలాసం. "నీతోని అబద్ధం చెప్పిస్తలేను అవ్వా. అడిగినదానికి చెప్పు, అడగనిది చెప్పకు. ముచ్చట పెట్టకు," అని ఆమెకు మరీ మరీ చెప్పాడు. కేసు తల్లీకొడుకులిద్దరి పేరా వేయించింది కూడా అతనే. రామవ్వ ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది.

బాలలక్ష్మి టిఫిన్ డబ్బా తెచ్చి అత్త పక్కన పెట్టింది.

"అత్తా, ఒక్క మాట. ఆ సాల్మన్ పెండ్లాం క్యాథరిన్ మొకం చూసి నువ్వు కరిగిపోకు. ఆమె కోర్టుల ఏడుస్తది."

"క్యాథరిన్ ఏడ్వది."

"ఆమె సంగతి నీకు మస్తు ఎర్క."

"ఎనిమిదేండ్లు ఆ ఇంటి ఎనుక అర్రల ఉన్న. ఆమె బువ్వ తిన్న. ఎర్క ఉండదా మరి?"

"అయితే నేను పెడ్తున్నది ఏంది అత్తా? బువ్వ గాదా?"

దీపిక తల్లి వైపు చూసింది. సదానందం బైకు తాళం చెవి వేలికి తగిలించుకుని తిప్పుతూ తిప్పుతూ ఆపేశాడు. రామవ్వ డబ్బాను సంచిలో పెట్టుకుని, అందులో ఆధార్ కార్డు ఉందో లేదో చూసుకుని లేచింది. కోడలి మాటలో అన్యాయం లేదని ఆమెకు తెలుసు. అందుకే అది గుచ్చుకుంది.

*

శ్రీరాంపూర్ దాటాక సదానందం రోడ్డు పక్క హోటలు దగ్గర బైకు ఆపాడు. బొగ్గు టిప్పర్లు వరసగా పోతుంటే దుమ్ము లేచి బెంచీల మీద పడుతోంది. రెండు చాయలు చెప్పి తల్లి ఎదురుగా కూర్చున్నాడు.

"అవ్వా."

"ఊఁ."

"బాపు గా మాట నిజంగనే ఇచ్చిండా?"

ఇన్ని నెలల్లో అతను ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు. నోటీసు ఇచ్చేటప్పుడు అడగలేదు, కేసు వేసేటప్పుడు అడగలేదు. రామవ్వ గ్లాసు కింద పెట్టి నోరు తెరిచింది.

"వద్దు, చెప్పకు," అన్నాడు వెంటనే. "నాకు తెల్వదని పోయిన వాయిదాకు బోనుల నిలవడి చెప్పిన. ఇప్పుడు నువ్వు చెప్తే అది అబద్ధమైతది."

"చెప్పకుంటే నిజమైతదా?"

"అవ్వా, జర నన్ను సతాయించకు. నాకు రాత్రి నిద్ర పడుతలేదు. పిల్ల కాలేజీ ఫీజు ఉన్నది, ఇల్లు ఖాళీ చెయ్యాలె. సాల్మన్‌కు నౌకరి ఉన్నది. ఎక్కడన్న కిరాయికి దొరుకుతది. నాకు ఏమున్నది చెప్పు?"

ఆమెకు కొడుకు మీద జాలి వేసింది. నలభై నాలుగేళ్ల మనిషి, కణతల దగ్గర అప్పుడే నెరిసింది, చొక్కా కాలరు కుట్లూడింది. మస్కట్ నుంచి వచ్చిన కొత్తల్లో సెంటు వాసన వేసేవాడు. జాలితోపాటు కోపమూ వచ్చింది. ఆ రెండూ ఒక్కసారి వస్తే ఆమె నోరు ఆగదు.

"నువ్వు ఇమానం ఎక్కిననాడు గిట్లనే ఏం అడగలే. వీసాకు పైసలు యాడియి బాపూ అని ఒక్క మాట అడగలే."

"బాపు అప్పు తెచ్చిండు."

"ఎవల తాన?"

సదానందం బెంచీ జరిపి లేచాడు. గ్లాసులో చాయ సగం అలాగే ఉంది. సాల్మన్ కిరాయికి దిగిన నెలే తన వీసా డబ్బు కట్టారని అతనికి ఈ పదమూడేళ్లలో ఒక్కసారైనా తట్టి ఉండదా అంటే, తట్టే ఉంటుంది. తట్టినవన్నీ తెలిసినట్టు ఒప్పుకోవాలనేముంది?

చెన్నూరు దాకా ఆమె కుడిచేత్తో కొడుకు నడుము పట్టుకుని, ఎడంచేత్తో సంచి పట్టుకుని కూర్చుంది. గుంతలు వచ్చిన చోటల్లా అతను బండి నెమ్మది చేశాడు.

*

కోర్టు వరండాలో క్యాథరిన్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పక్కనే సాల్మన్, స్కూలు బస్సు డ్రైవర్ల ఖాకీ చొక్కాలోనే వచ్చాడు. సగం రోజు సెలవే దొరికినట్టుంది. రామవ్వను చూడగానే క్యాథరిన్ రెండడుగులు వేయబోయి ఆగింది. కేసు వేసిన మనిషి దగ్గరికి పోయి "మంచిగున్నవా అవ్వా" అనొచ్చో అనకూడదో ఆమెకు తెలియలేదు.

రామవ్వ చూపు ఆమె చీర మీద పడింది. చిలకపచ్చ చీర, మెరూన్ అంచు.

ఆ చీర తనే కొన్నది.

మూడేళ్ల కిందట వానలకు ఆ ఇంటి పాత దర్వాజ చెక్క నాని పుచ్చిపోతే, సాల్మన్ ముందు గోడ పడగొట్టి కొత్తగా కట్టి, టేకు దర్వాజ చేయించాడు. పన్నెండేళ్ల గడువుకు అప్పటికింకా రెండేళ్లు ఉంది. "గడువు కానియ్యి అవ్వా, గప్పుడే పెట్టుకుంటం," అని అతను వెనకాడితే, "నీ ఇల్లే గదరా, ఇయ్యాల పెడితే ఏంది, రేపు పెడితే ఏంది," అన్నది ఎవరో కాదు, రామవ్వే.

ఇల్లు కట్టుకునేవాళ్లు దర్వాజ నిలబెట్టిన రోజు ఇల్లాలి తల్లిగారి వాళ్లు కొత్తబట్టలు తెచ్చి మొగుడూ పెళ్లాలకు పెట్టాలి. గుడికి పోయేవాళ్లయినా, చర్చికి పోయేవాళ్లయినా ఆ వైపున ఈ ఒక్క పద్ధతిలో తేడా లేదు. క్యాథరిన్ మిషన్ హాస్టల్లో పెరిగిన పిల్ల. తల్లిగారిల్లన్నదే లేదు. దర్వాజ ముందు రోజు ఆమె గిన్నెలు తోముతూ ముక్కు ఎగబీల్చడం వెనక గదిలోంచి రామవ్వ విన్నది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మంచిర్యాల పోయి, చీరా ధోవతీ కొనుక్కుని పన్నెండు కొట్టక ముందే వచ్చింది.

బెంజమిన్ పాస్టరు ప్రార్థన ముగించాడు. రామవ్వ ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టింది. తర్వాత కొంగున కట్టి తెచ్చిన పసుపు కుంకుమ పొట్లం విప్పి, దర్వాజ వైపు చూసి, పాస్టరు వైపు చూసింది. పాస్టరు సరిగ్గా అప్పుడే వాన వస్తుందేమో చూడటానికి ఆకాశం వైపు తల ఎత్తాడు. ఎంతసేపు చూడాలో అంతసేపు చూశాడు. రామవ్వ గడప మూలన, ఎవరికీ కనిపించని చోట, ఒక బొట్టు పెట్టి కొంగుతో చేయి తుడుచుకుంది. ఆ రోజు ఆమె బాగా నవ్వింది. క్యాథరిన్ కూడా నవ్వింది.

ఈ సంగతి మస్కట్‌లో ఉన్న కొడుక్కు ఫోనులో చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పాలని తోచలేదు అంతే.

*

బోనులో నిలబడి దేవుని సాక్షిగా నిజమే చెబుతానంది. జడ్జి చిన్న వయసువాడు, హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. గొంతు మెత్తగా ఉంది. ఆమెకు కుర్చీ వేయమన్నాడు గానీ రామవ్వ వద్దంది. కూర్చుంటే చీర గంజి మడతలు విరుగుతాయని ఒక కారణం, కూర్చుంటే లేవడం కష్టమని ఇంకో కారణం.

అనసూర్య కళ్లజోడు సర్దుకుని లేచింది. దీపిక నటించినంత గట్టిగా ఈమె మాట్లాడలేదు. పక్కింటావిడ వాకిట్లో నిలబడి అడిగినట్టు అడిగింది.

"అవ్వా, సాల్మన్ దగ్గర మీరు తీసుకున్నది కిరాయే అంటరా?"

"కిరాయే."

"పన్నెండేండ్లల్ల ఒక్కసారన్న పెంచిన్రా?"

"పెంచలే."

"ఎందుకు పెంచలే?"

"అడగలే." ఆమె కొంచెం ఆగి, కైలాసం కళ్లు చూసి, అక్కడితో నోరు మూసుకుంది. కైలాసం తృప్తిగా పెన్ను మూత తీశాడు.

"మీ ఆయన ఇల్లు ఇస్తనని మీ ముందట మాటిచ్చిండా?"

"నా ముందట ఇయ్యలే."

సదానందం వెనక బెంచీలో వెన్ను వాల్చాడు. తన తల్లి ఇంత గట్టి మనిషని అతను అనుకోలేదు. అంతా నేర్పినట్టే నడుస్తోంది. అనసూర్య చేతిలోని కాగితాలు మడిచి బల్ల మీద పెట్టేసింది. అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

"అవ్వా, ఆ ఇంటికి కొత్త దర్వాజ నిలవెట్టిననాడు మీరు ఉన్నరా?"

రామవ్వకు ఒక్క క్షణం ప్రశ్న అర్థం కాలేదు. ఇది దీపిక అడగలేదు. కైలాసం అడగలేదు.

"ఉన్న," అంది.

"బట్టలు ఎవలు పెట్టిన్రు?"

కైలాసం లేచాడు. ఇదంతా చుట్టరికాల ముచ్చటనీ, కేసుకు సంబంధం లేదనీ అన్నాడు. జడ్జి చేయెత్తి అతన్ని ఆపి రామవ్వ వైపు తిరిగాడు.

"దర్వాజకు బట్టలు పెట్టడమంటే ఏమిటమ్మా?"

నిజంగానే తెలియక అడిగాడు. తెలిసినవాడు అడిగి ఉంటే ఆమె తప్పించుకునేదేమో. తెలియక అడిగిన పిల్లవాడికి చెప్పకుండా ఉండటం ఆమెకు చేతకాదు.

"ఇల్లు గట్టుకున్నోల్లు దర్వాజ నిలవెడ్తరు గద సారూ. ఆనాడు ఇంటామె తల్లిగారోల్లు చీర, ధోతి తెచ్చి ఇద్దరికి పెడ్తరు. పెట్టకపోతే ఇల్లు బోసి ఉంటది."

"మీరు ఎవరికి పెట్టారు?"

రామవ్వ తల తిప్పింది. క్యాథరిన్ తల వంచుకుని చీర అంచును వేలితో పట్టుకుని ఉంది. ఆ వెనక సదానందం ముందుకు వంగి కూర్చున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే నోరు తెరుచుకుని చూసేవాడు. వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడో, వణుకుతున్నాడో ఆమెకు సరిగా కనిపించలేదు.



"క్యాథరిన్‌కు పెట్టిన. ఆమెకు తల్లిగారోల్లు లేరు సారూ. నేనే పెట్టిన."

"ఇల్లు గలవాళ్లు కిరాయికి ఉన్నవాళ్లకు అలా బట్టలు పెడతారా అమ్మా?"

అడిగింది జడ్జే. కైలాసం మళ్లీ లేవబోయి కూర్చున్నాడు.

రామవ్వకు ఒక్కసారి విసుగు పుట్టింది. పొద్దుటి నుంచి అందరూ తననే అడుగుతున్నారు. నేను కొడుకును గానా అని ఒకరు, నేను పెడుతున్నది బువ్వ గాదా అని ఒకరు. అన్నిటికీ నోరు మూసుకుని వచ్చింది. అబద్ధం ఒక్కటీ ఆడకుండానే తాను ఇంతసేపూ అబద్ధం చెబుతూ నిలబడిందని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

"కిరాయికున్నోల్లు దర్వాజ ఎందుకు నిలవెట్టుకుంటరు సారూ?" అంది.

ఎవరో వెనక నుంచి నవ్వారు. జడ్జి నవ్వలేదు. ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి పక్కనున్న టైపు అమ్మాయికి చెప్పాడు. అది చెప్పడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. నా మాట ఇంగ్లీషులో అంత పొట్టిదా అనుకుంది రామవ్వ.

*

వరండాలో కైలాసం సదానందంతో ఏదో చెప్పి గౌను విప్పుకుంటూ వెళ్లిపోయాడు. పై కోర్టు అన్న మాట ఒకటి రామవ్వ చెవిన పడింది. సదానందం వచ్చి తల్లి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"బట్టలు పెట్టిన అని నాకెందుకు చెప్పలే అవ్వా?"

"నువ్వు అడగలే."

"కైలాసం సారు అడిగిండు గదా, ఇంకేమన్న ఉన్నదా అని. గప్పుడన్న చెప్పొద్దా?"

"గది గుడ సాచ్చెమేనని నాకేం ఎర్క? చీర పెట్టిన అనుకున్న."

అతను రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"నెలాఖరుకు సామాను యాడ పెట్టాలె? బాలలక్ష్మికి ఏం చెప్పాలె? నువ్వే చెప్పు."

ఆమె సంచి ఒళ్లోకి లాక్కుంది. "నీ బాపు మాట ఇచ్చిండురా. నీ కోసమే ఇచ్చిండు," అందామనుకుంది. అది అతనికి ఇప్పుడు తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ చెప్పి కొట్టినట్టవుతుంది.

"మస్తు మంచిగ చేసినవ్," అన్నాడు సదానందం. లేచి వెళ్లి బైకు స్టార్టు చేశాడు.

స్టార్టు చేసి వెంటనే పోలేదు. వెనక సీటు ఖాళీగా ఉంచి, తల తిప్పకుండా, ఇంజను అలా నడుస్తుండగా కూర్చున్నాడు. పిలుస్తాడని ఆమె చూసింది. తనే వచ్చి ఎక్కుతుందని అతను చూశాడేమో. పిలవకుండా ఎలా ఎక్కుతుంది? ఎక్కకుండా ఎందుకు పిలుస్తాడు? బండి కాసేపు అలాగే కొట్టుకుని, తర్వాత గేటు దాటి మంచిర్యాల రోడ్డెక్కింది.

రామవ్వకు ఏడుపొచ్చింది. చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటే గంజి గరుకు తగిలింది.

ఎదురుగా పచ్చ చీర కుచ్చెళ్లు కనిపించాయి. క్యాథరిన్ నేల మీదనే కూర్చుని ఆమె మోకాళ్ల మీద చేతులు వేసింది.

"ఇంటికి పోదాం దా అవ్వా. నీ అర్ర గట్లనే ఉన్నది. మంచం కూడ తియ్యలే."

రామవ్వ ఆ చీర అంచు పట్టుకుని చూసింది. ఉతికి ఉతికి మెత్తబడింది.

"గీ చీర ఎందుకు కట్టుకొచ్చినవ్ బిడ్డా?"

క్యాథరిన్ సాల్మన్ వైపు చూసింది. అతను స్తంభం దగ్గర నిలబడి బస్సు తాళాలు లెక్కపెట్టుకుంటున్నట్టు చూస్తున్నాడు.

"అనసూర్య మేడం కట్టుకొమ్మన్నది," అంది చివరికి.

అబద్ధం చెప్పలేని ఆడవాళ్లు ఇద్దరు ఒకచోట కూడితే ఇంతే అనుకుంది రామవ్వ. నవ్వొచ్చింది గానీ ఆ నవ్వు పూర్తిగా బయటికి రాలేదు. పెట్టిన నాడు అది చీర. ఇవాళ అది సాక్ష్యం. రేపటి నుంచి ఏమవుతుందో.

"కోపమచ్చిందా అవ్వా?"

"లేదు బిడ్డా. ఆమె మంచి వకీలు."

"దా, పోదాం. పొద్దుటి సంది ఏం తిననట్టున్నవ్."

"నేను రాను."

"ఎందుకు?"

"ఇయ్యాల నీ కడప తొక్కితే ఏమంటరు? అర్ర కోసమే ముసల్ది గట్ల చెప్పింది అంటరు. కైలాసం సారు రేపే అంటడు. నా మాట అమ్ముకున్నట్టయితది."

"ఎవలేమన్న అననియ్యి."

"నువ్వు గట్ల అనుకోవు, నాకెర్కే. ఆ జడ్జి సారు రాపిచ్చిండు గదా. ఆ రాపిచ్చింది గట్లనే ఉండనియ్యి. కేసు అయ్యేదాంక నన్ను ఇంటికి పిలువకు."

క్యాథరిన్ మోకాళ్ల మీద చేతులు తీయలేదు. పొద్దున కోడలితో రామవ్వ చెప్పిన మాట ఒక్కటి తప్పయింది. క్యాథరిన్ ఏడ్చింది.

"బస్టాండు దాంక దింపుత అవ్వా," అన్నాడు సాల్మన్. ఆ రోజంతా అతను నోరు తెరవడం అదొక్కసారే.

"నేను నీ బండి కూడ ఎక్కొద్దు కొడుకా. నడుస్త."

*

బస్టాండుకు నడిచేంత దూరంలో ఆమె తన వాళ్లందరినీ ఒకసారి తలుచుకుంది. పుట్టిల్లు ఖానాపూర్‌లో. అన్న పోయి చాలాకాలమైంది, అన్న కొడుకులు ఎదురుపడితే గుర్తుపట్టరు. చెల్లె కొడుకు బహ్రెయిన్‌లో ఉన్నాడు, అతని ఇంటికి తాళం. ఇక మంచిర్యాల ఇల్లు. గేటుకు టు-లెట్ బోర్డు, లోపల బాలలక్ష్మి. ఈపాటికి సదానందం ఫోను చేసి చెప్పేసి ఉంటాడు. కోడలు ఏమంటుందో ఊహించుకుందామని చూసింది గానీ, ఎంత ప్రయత్నించినా ఆ నోటి నుంచి పొద్దుటి మాటే వచ్చింది. నేను పెడుతున్నది బువ్వ గాదా అత్తా?

సంచిలో టిఫిన్ డబ్బా ఇంకా బరువుగానే ఉంది.

మంచిర్యాల బస్సు వచ్చింది. అందరితోపాటు ఎక్కింది. ఎక్కకుండా అక్కడే కూర్చుంటే ఎవరో ఒకరు ఎందుకు కూర్చున్నావని అడుగుతారు. బస్సు కదిలాక సీటు దొరికింది. ఊరి చివర మిషన్ స్కూలు వచ్చింది, ఆ పక్క సందులో ఇల్లు ఉంటుంది. అటు చూడొద్దనుకుంటూనే చూసింది. టేకు దర్వాజ మూసి ఉంది. కుంకుమ బొట్టు బస్సులోంచి కనపడదు. ఉందో చెరిగిపోయిందో.

కండక్టరు పిల్ల టికెట్ మిషను పట్టుకుని దగ్గరికొచ్చింది. పాతికేళ్లుంటాయేమో.

"కార్డు చూపెట్టవ్వా."

రామవ్వ సంచిలోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. ఆ పిల్ల అటూ ఇటూ తిప్పి చూసింది. చెన్నూరు, మిషన్ స్కూలు సందు. ఎనిమిదేళ్లు ఉన్న ఇంటి అడ్రసు. మార్పించాలని సదానందం అంటూనే ఉన్నాడు, ఇంకా మార్పించలేదు.

"గీ ఊరే గదా నీది. ఎటు పోతున్నవ్?"

రామవ్వ కార్డు అందుకుని సంచిలో పెట్టి, చేయి అందులోనే ఉంచుకుంది.

"భీమారమా? శ్రీరాంపూరా? మంచిర్యాలనా?"

పక్క సీటులో పసిపిల్లను ఎత్తుకున్న ఆమె రామవ్వ ముఖం వైపు తిరిగి చూసింది. వెనక సీట్లలో వాళ్లు కార్డులు పట్టుకుని తమ వంతు కోసం చేతులు చాపుతున్నారు. కండక్టరు వేలు మిషను మీద ఆగి ఉంది.

"పైసలు తీస్తున్నవా అవ్వా? పైసలు అక్కర్లే, ఆడోల్లకు ఫ్రీ గదా. యాడికో ఊరు పేరు మాత్రం చెప్పాలె."